ఒక్క ‘గెట్’ ఇన్ని పనులు ఎలా చేస్తుంది?

క్లుప్తంగా: ఇంగ్లిష్‌లో తరచుగా వినిపించే క్రియల్లో ‘గెట్’ ఒకటి. నిఘంటువులు దానికి పదుల కొద్దీ అర్థాలు ఇస్తాయి. వాటిలో చాలావరకు ఒకే మూలభావం నుంచి పుట్టినవే: అంతకుముందు లేని స్థితిలోకి రావడం. ఆ స్థితి ఏమిటన్నది గెట్ చెప్పదు, దాని తర్వాత వచ్చే మాట చెబుతుంది. ఈ మెలిక తెలిస్తే బట్టీ పట్టే పని బాగా తగ్గుతుంది. తగ్గని చోట్లు కూడా కొన్ని ఉన్నాయి.

“ఐ గాట్ ఎ లెటర్” అంటే ఉత్తరం వచ్చింది. “ఐ గాట్ వెట్” అంటే తడిశాను. “ఐ గాట్ హోమ్” అంటే ఇల్లు చేరాను. “ఐ గాట్ ది జోక్” అంటే జోకు అర్థమైంది. “ఐ గాట్ ది ఫ్యాన్ రిపేర్డ్” అంటే ఫ్యాను బాగు చేయించాను. “ఐ హ్యావ్ గాట్ టు గో” అంటే వెళ్ళాలి. తెలుగులో ఆరు రకాలుగా చెప్పాల్సి వచ్చిన చోట ఇంగ్లిష్ ఒకే క్రియతో సరిపెట్టుకుంది.

ఇంగ్లిష్ నేర్చుకునేవారిని పెద్ద పెద్ద మాటలు అంతగా ఇబ్బంది పెట్టవు. ‘ఫోటోసింథసిస్’కు ఒకటే అర్థం, ఒకసారి చూసుకుంటే ఆ గొడవ తీరిపోతుంది. టెన్షన్ పెట్టేవి గెట్, టేక్, పుట్, రన్, సెట్ లాంటి బుల్లి క్రియలే. వీటికే అన్ని అర్థాలు ఎందుకు?

ఎక్కువగా వాడే మాటకే ఎక్కువ అర్థాలు

ఒక మాటకు అనేక అర్థాలు ఉండటాన్ని భాషాశాస్త్రంలో ‘పాలిసెమీ’ అంటారు. ఫ్రెంచ్ పండితుడు మిషెల్ బ్రెయాల్ 19వ శతాబ్దం చివర్లో ఈ పేరు పెట్టాడు. మాట వాడకానికీ అర్థాల సంఖ్యకూ లెక్క కుదురుతుందని 1945లో అమెరికా పండితుడు జార్జ్ జిఫ్ చూపించాడు. ఎక్కువ వాడకం ఉన్న మాటకు ఎక్కువ అర్థాలు ఉంటాయి. అయితే రెండూ ఒకే జోరుతో పెరగవు. జిఫ్ సూత్రం ప్రకారం వాడకం నాలుగు రెట్లయితే అర్థాలు సుమారు రెండు రెట్లవుతాయి.

దీని వెనక ఉన్నది మనిషి సోమరితనం అనుకున్నా తప్పులేదు. కొత్త అవసరం వచ్చిన ప్రతిసారీ కొత్త మాట పుట్టిస్తే చెప్పేవాడూ నేర్చుకోవాలి, వినేవాడూ నేర్చుకోవాలి. నాలుక మీద ఆడుతున్న పాత మాటనే కాస్త సాగదీస్తే ఇద్దరికీ శ్రమ తప్పుతుంది. అలా సాగిన మాట మరిన్ని చోట్ల పనికొస్తుంది కాబట్టి దాని వాడకం ఇంకా పెరుగుతుంది.

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ చరిత్రలో ఇది కళ్ళకు కడుతుంది. 1989 నాటి రెండో కూర్పులో అన్నిటికంటే పొడవైన పద్దు ‘సెట్’ అనే క్రియది. 430కి పైగా అర్థాలు, వాటి వివరణకు సుమారు 60,000 మాటలు. తర్వాత నిఘంటువును సవరిస్తూ వచ్చినకొద్దీ ఆ రికార్డును ముందు ‘మేక్’, తర్వాత ‘పుట్’, 2011లో ‘రన్’ దాటేశాయి. రన్ ఒక్కదానికే 645 అర్థాలు తేలాయి.

ఈ అంకెలను మరీ పట్టించుకోవాల్సిన అవసరం లేదు. ఇంగ్లిష్‌లో నది పారినా, ముక్కు కారినా ‘రన్’ అనే అంటారు. అవి రెండు అర్థాలా, ఒకే అర్థమా? నిఘంటుకారుడు ఎక్కడ గీత గీస్తే అక్కడ అర్థం తెగుతుంది. సన్నగా తరిగితే వందలు, లావుగా తరిగితే పది. నేర్చుకునేవారికి ఉపయోగపడేది ఆ గీతల లెక్క కాదు, గీతల కింద ఉన్న పోలిక.

వైకింగుల వెంట వచ్చిన మాట

గెట్ పుట్టు ఇంగ్లిష్ మాట కాదు. ఎనిమిదో శతాబ్దం చివర స్కాండినేవియా నుంచి వైకింగులు ఇంగ్లండ్ తీరం మీద దాడులు మొదలుపెట్టారు. తర్వాతి శతాబ్దంలో ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో కాపురాలు కూడా పెట్టారు. వారి పాత నార్స్ భాషలో ‘గెటా’ అంటే పొందడం, బిడ్డను కనడం. అదే ఇంగ్లిష్‌లోకి దిగి గెట్ అయింది. ‘టేక్’, ‘వాంట్’, ‘దే’ కూడా ఆ దారినే వచ్చాయి. అరువు మాటలు సాధారణంగా కొత్త వస్తువులతో పాటు వస్తాయి. ఇలా రోజువారీ క్రియలు, ఆఖరికి సర్వనామం కూడా మారాయంటే ఇరుగుపొరుగుగా ఎంత కలిసిపోయి బతికారో ఊహించవచ్చు.

పాత ఇంగ్లిష్‌లోనూ ఈ క్రియకు చుట్టం ఒకటి ఉండేది. కాకపోతే అది ఒంటరిగా కాకుండా ఉపసర్గతోనే కనిపించేది. నేటి ‘ఫర్‌గెట్’, ‘బిగెట్’ దాని వారసులు. అప్పట్లో అందులోని ‘గ’ను ‘య’కు దగ్గరగా పలికేవారు. నార్స్ ఉచ్చారణ పైచేయి సాధించకపోతే ఇవాళ ‘యెట్’ లాంటి మాటేదో వినిపించేది.

ఇంకా వెనక్కి వెళితే ఇంగ్లిష్, లాటిన్, హిందీ లాంటి భాషలన్నీ చేరే ఇండో-యూరోపియన్ కుటుంబపు మూలధాతువు దొరుకుతుంది. దాని అర్థం పట్టుకోవడం. లాటిన్‌లో అదే ధాతువు నుంచి వచ్చిన క్రియ ‘కాంప్రిహెండ్’కు తల్లి. అంటే “ఐ గెట్ ఇట్” అనే వాడుక మాట, “ఐ కాంప్రిహెండ్ ఇట్” అనే పుస్తకాల మాట దూరపు బంధువులే. ఫర్‌గెట్‌కు కూడా మొదటి అర్థం పట్టు జారిపోవడమే.

తెలుగు ఆ కుటుంబంలోది కాదు, ద్రావిడ భాష. అయినా మన ‘పట్టు’ నడిచిన దారి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. చేత్తో పట్టుకోవడంతో మొదలైన క్రియ ‘నిద్ర పట్టింది’, ‘తుప్పు పట్టింది’, ‘పిచ్చి పట్టింది’, ‘ఊరి దారి పట్టాడు’, ‘కిటుకు పట్టేశాడు’ దాకా వచ్చింది. తుప్పు పట్టడాన్ని ఇంగ్లిష్‌వాళ్ళు “గాట్ రస్టీ” అంటారు, కిటుకు పట్టడాన్ని “గాట్ ది ట్రిక్” అనవచ్చు. చేతితో పట్టేదాన్ని మనసుతో పట్టేదానికి అన్వయించడం ఏ ఒక్క భాష సొత్తూ కాదు.

‘హ్యావ్’కూ ‘బీ’కీ కదలిక వస్తే

గెట్ అర్థాలను కలిపే దారం కనుక్కోవడానికి సులువైన పద్ధతి ఒకటుంది. ‘హ్యావ్’ లేదా ‘బీ’ ఉన్న వాక్యం తీసుకుని, ఆ స్థితి ఎలా మొదలైందని అడగడం. “షి హ్యాజ్ ఎ జాబ్” అంటే ఉద్యోగం ఉంది. ఆ ఉండటం మొదలైన క్షణం “షి గాట్ ఎ జాబ్”. “హి ఈజ్ యాంగ్రీ” అంటే కోపంగా ఉన్నాడు, అంతకుముందు జరిగింది “హి గాట్ యాంగ్రీ”. “దే ఆర్ ఎట్ ది స్టేషన్” అనడానికి ముందు “దే గాట్ టు ది స్టేషన్” జరిగి ఉండాలి. హ్యావ్, బీ నిలకడను చెబితే గెట్ ఆ నిలకడలోకి అడుగుపెట్టడాన్ని చెబుతుంది.

అందుకే గెట్ వినగానే అర్థం కోసం దాని వెనక ఏముందో చూడాలి. నామవాచకం ఉంటే చేతికి రావడం, విశేషణం ఉంటే అలా మారడం, చోటు ఉంటే చేరడం. “షి బికేమ్ ఎ డాక్టర్” అంటే ఆమె డాక్టరయింది. అక్కడ ‘బికేమ్’ తీసేసి ‘గాట్’ పెడితే, “షి గాట్ ఎ డాక్టర్”, ఆమె డాక్టరును పిలుచుకొచ్చిందని అవుతుంది. యాంగ్రీ ముందు ‘అవడం’గా పనిచేసిన గాట్ డాక్టర్ ముందు ‘తెచ్చుకోవడం’గా మారిపోయింది. క్రియ మారలేదు, పక్కన కూర్చున్న మాట మారింది.

తెలుగులో ఆ బరువు మోసేవి

గెట్‌కు తెలుగులో ఒక్క మాట లేదనడం నిజమే, కానీ ఆ పని చేసే మాటలు లేకపోలేదు. అందులో ముఖ్యమైనది ‘వచ్చు’. నాకు ఉత్తరం వచ్చింది, జ్వరం వచ్చింది, ఉద్యోగం వచ్చింది, కోపం వచ్చింది. నాలుగింటికీ ఇంగ్లిష్‌లో గాట్ సరిపోతుంది. తేడా వాక్యంలో కర్త దగ్గర ఉంది. తెలుగులో జ్వరమే నడిచి మనిషి దగ్గరికి వస్తుంది, మనిషి ‘నాకు’ అంటూ పక్కన నిలబడతాడు. ఇంగ్లిష్‌లో మనిషే కర్త అవుతాడు. ఈ తేడా తెలియకనే “ఫీవర్ కేమ్ టు మి” లాంటి వాక్యాలు పుడతాయి. ‘నాకు... వచ్చింది’ అనే తెలుగు వాక్యాన్ని ‘ఐ గాట్’తో మొదలుపెడితే ఎక్కువసార్లు కుదురుతుంది. “నాకు ఈత వచ్చు” దీనికి లొంగదు. అది పొందడం కాదు, తెలిసి ఉండటం.

విశేషణాల దగ్గర ‘పోవు’ తోడొస్తుంది. తడిసిపోయాడు, అలసిపోయాడు, తప్పిపోయాడు అన్నవి వరుసగా “గాట్ వెట్”, “గాట్ టైర్డ్”, “గాట్ లాస్ట్”. ఇక్కడ పోవడం అంటే ఎక్కడికో వెళ్ళడం కాదు, ఒక స్థితిలోకి జారడం.

చేయించడం, జరిగించుకోవడం

‘చేయు’ను ‘చేయించు’గా మార్చడానికి తెలుగుకు ఒక ప్రత్యయం చాలు. ఇంగ్లిష్ పూర్వరూపాల్లోనూ ఇలాంటి ఏర్పాటు ఉండేది. ‘సిట్’ పక్కన ‘సెట్’, ‘లై’ పక్కన ‘లే’ దాని అవశేషాలే: కూర్చోవడం, కూర్చోబెట్టడం, పడుకోవడం, పడుకోబెట్టడం. ఆ పద్ధతి ఎప్పుడో మూలపడింది. ఖాళీని గెట్, హ్యావ్, మేక్ పంచుకున్నాయి. ముగ్గురి స్వభావం ఒకటి కాదు. “మేడ్ హిమ్ గో”లో బలవంతం, “హ్యాడ్ హిమ్ గో”లో అధికారం ఉంటాయి. “గాట్ హిమ్ టు గో”లో బతిమాలో, నచ్చజెప్పో పని జరిపించుకోవడం వినిపిస్తుంది. పరీక్షల్లో తరచుగా అడిగే తేడా కూడా ఇక్కడే ఉంది. గెట్ తర్వాత ‘టు’ కావాలి, మిగతా రెంటికీ అక్కర్లేదు.

అసలు చిక్కు మరో నిర్మాణంలో ఉంది. “ఐ గాట్ మై కార్ రిపేర్డ్” అంటే మెకానిక్‌తో బాగు చేయించుకున్నాను. “ఐ గాట్ మై ఫింగర్స్ కాట్ ఇన్ ది డోర్” అంటే తలుపు సందులో వేళ్ళు ఇరుక్కున్నాయి, ఎవరితోనూ చేయించుకున్నది కాదు. “ఐ గాట్ మై వర్క్ డన్” అంటే నా పని నేనే పూర్తి చేసుకొని ఉండవచ్చు. మూడు వాక్యాల అస్థిపంజరం ఒకటే. ఏది కోరి చేయించుకునే పని, ఏది కోరని ప్రమాదం అన్న లోకజ్ఞానం మాత్రమే వీటిని విడదీస్తుంది. వ్యాకరణ సూత్రం ఇక్కడ చేతులెత్తేస్తుంది.

కర్మణి వాక్యాల్లోకి గెట్ 17వ శతాబ్దంలో ప్రవేశించింది. గత శతాబ్దంలో మాట్లాడే ఇంగ్లిష్‌లో ఆ వాడుక బాగా పెరిగింది. “హి వాజ్ అరెస్టెడ్” అంటే అరెస్టు చేశారు, అంతే. “హి గాట్ అరెస్టెడ్” అన్నప్పుడు అతను చేసిన నిర్వాకం కూడా కొంత కారణమన్న సూచన తరచుగా ధ్వనిస్తుంది. “గాట్ ఫైర్డ్”, “గాట్ కాట్”, “గాట్ ప్రమోటెడ్”: మంచో చెడో, కర్తకు తగిలేది ఏదో జరగాలి. మార్పేమీ లేని క్రియలతో ఇది పొసగదు. ఫలానావారికి చెందిన ఇంటి గురించి “ఈజ్ ఓన్డ్ బై” అంటారు గానీ “గెట్స్ ఓన్డ్ బై” అనరు. మార్పు లేని చోట గెట్‌కు పని లేదన్న మూలసూత్రం మళ్ళీ ఇక్కడ కనిపిస్తుంది.

‘హ్యావ్ గాట్’: చుట్టు తిరిగి మొదటికి

మార్పును చెప్పే క్రియ అన్నప్పుడు “ఐ హ్యావ్ గాట్ ఎ కార్” అనే వాక్యం అడ్డొస్తుంది. ఇందులో మార్పేదీ లేదు, కారు ఉందనే అర్థం. ఇది వచ్చిన తీరు సులువుగానే అర్థమవుతుంది. “కారు కొనుక్కున్నాను” అన్నవాడి దగ్గర కారు ఉన్నట్టే. సంపాదించానన్న మాట నుంచి వినేవారు ‘ఉంది’ అనే ఫలితాన్నే తీసుకున్నారు. 16వ శతాబ్దం చివరికల్లా ఆ ఫలితమే అర్థమై కూర్చుంది. మాటల్లో ‘హ్యావ్’ నలిగి చిన్న ‘వ్’ శబ్దంగా మిగలడంతో, వినిపించే గాట్ మీదే బరువంతా పడింది.

అమెరికాలో ఈ కథ కొంచెం వేరు. గెట్‌కు పాత భూత విశేషణం (పాస్ట్ పార్టిసిపుల్) ‘గాటెన్’. 17వ శతాబ్దంలో అట్లాంటిక్ దాటిన వలసదారులు దాన్ని వెంట తీసుకెళ్ళారు. తర్వాత ఇంగ్లండ్ దాన్ని దాదాపు వదిలేసింది, అమెరికా నిలుపుకుంది. దానివల్ల అమెరికా ఇంగ్లిష్‌కు ఒక సౌకర్యం మిగిలింది: “హ్యావ్ గాట్ ఎ కార్” అంటే ఉంది, “హ్యావ్ గాటెన్ ఎ కార్” అంటే సంపాదించుకున్నాను. గాటెన్‌ను అమెరికన్ల వింత సృష్టిగా వెక్కిరించే బ్రిటిషర్లు ‘ఫర్‌గాటెన్’ను మాత్రం ఏ అభ్యంతరమూ లేకుండా వాడతారు.

‘హ్యావ్ గాట్ టు’ అంటే తప్పనిసరి. ఇందులో ఒక్క హ్యావ్ జారితే అర్థం తారుమారవుతుంది. “ఐ హ్యావ్ గాట్ టు మీట్ హర్” అంటే ఆమెను కలిసి తీరాలి. “ఐ గాట్ టు మీట్ హర్” అంటే ఆమెను కలిసే అవకాశం దొరికింది, కలిశాను కూడా. ఒకటి జరగబోయేది, ఒకటి జరిగిపోయింది. వేగంగా మాట్లాడేటప్పుడు మొదటిదే ‘గాటా’గా కుదించుకుపోతుంది. అప్పుడు సందర్భం తప్ప దిక్కు లేదు.

ఇక “ఐ డిడ్ నాట్ గాట్” అనే తప్పుకు ఇంత చర్చ అక్కర్లేదు. ‘డిడ్’ వచ్చాక ఏ క్రియైనా మూలరూపంలోనే ఉండాలి: “ఐ డిడ్ నాట్ గెట్”.

వెనక తగిలే తోకలు

అప్, ఓవర్, త్రూ, బై లాంటి చిన్న మాటలు తోడైతే గెట్ అర్థాలు మరో మెట్టెక్కుతాయి. వీటిని ‘ఫ్రేజల్ వర్బ్స్’ అంటారు. ఇక్కడ పని విభజన స్పష్టం: గెట్ కదలిక ఇస్తుంది, తోక దిక్కు చెబుతుంది. ఆ కదలికను మొదట నేల మీద ఊహించుకుని, తర్వాత జీవితానికి అన్వయించుకోవాలి. గోడ దాటడం ‘గెట్ ఓవర్’. జబ్బునో దుఃఖాన్నో దాటి కోలుకోవడం కూడా అదే. ‘గెట్ త్రూ’ ఇరుకులోంచి అవతలికి రావడం. పరీక్షల్లోంచో కష్టాల్లోంచో అలా వస్తే తెలుగులో ‘గట్టెక్కాడు’ అంటాం, మనది నీటి మీది ఊహ. ‘గెట్ అక్రాస్’ అంటే చెప్పదలచింది అవతలివారికి చేరడం. ‘గెట్ బై’కి ‘నెట్టుకురావడం’ కంటే మంచి తెలుగు దొరకదు.

అన్నీ ఇంత బుద్ధిగా ఉండవు. ‘గెట్ ఆన్’ అంటే బస్సెక్కడం, ముందుకు సాగడం, ఒకరితో ఒకరు సఖ్యంగా ఉండటం. “హి ఈజ్ గెటింగ్ ఆన్” అంటే వయసు మీద పడుతోందని కూడా. పోనీ వాహనం ఎక్కడమైనా ఒకే తీరుగా ఉందా అంటే, బస్సుకు, రైలుకు, సైకిలుకు ‘ఆన్’, కారుకు ‘ఇన్’. లేచి నడవగలిగేవాటికి, పైన కూర్చునేవాటికి ఆన్ అన్నది ఉజ్జాయింపుగా పనికొచ్చే వివరణ. ఇలాంటివి చివరికి వాడుకలోంచి నేర్చుకోవాల్సినవే.

రాతలో ఎందుకు తప్పిస్తారు?

వ్యాసాల్లో గెట్ వాడొద్దని ఉపాధ్యాయులు చెప్పడం పాత అలవాటు. దీనికి సగం కారణం చరిత్రలో ఉంది. 1066లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండ్‌ను జయించాక పాలన, న్యాయం ఫ్రెంచ్, లాటిన్ చేతుల్లోకి వెళ్ళాయి. ‘రిసీవ్’, ‘అబ్టైన్’, ‘అరైవ్’ లాంటి మాటలు ఆ దారిలో వచ్చి దర్జా మాటలయ్యాయి. గెట్ ఇంటి మాటగా మిగిలింది.

మిగతా సగం ఆచరణకు సంబంధించింది. ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడేటప్పుడు అపార్థమైతే అక్కడికక్కడే సరిదిద్దుకోవచ్చు. ఒప్పందపత్రానికి ఆ వీలు లేదు. “గెట్ ది డాక్యుమెంట్స్” అని రాస్తే పత్రాలు అందుకోవాలా, వెళ్ళి తేవాలా, తయారు చేయించాలా అన్న వివాదానికి తలుపు తెరిచినట్టే. అలాంటి చోట తప్పించడం సబబు. స్నేహితుడికి రాసే ఉత్తరంలో “ఐ రిసీవ్డ్ ఎ కోల్డ్” అని రాయడం మాత్రం నవ్వులపాలు కావడమే.

కంప్యూటర్లకూ ఈ పేచీ తగిలింది. మాటకు అనేక అర్థాలుంటే యంత్రం ఎలా అనువదిస్తుందన్న ప్రశ్నను అమెరికా శాస్త్రవేత్త వారెన్ వీవర్ 1949లోనే లేవనెత్తాడు. చుట్టూ ఉన్న కొన్ని మాటలు చూస్తే తేలుతుందని ఆయన సూచన. మాట అర్థం దాని సావాసాన్ని బట్టి తెలుస్తుందని బ్రిటిష్ పండితుడు జె. ఆర్. ఫర్త్ 1957లో అన్నదీ దాదాపు ఇదే. ఇవాళ్టి అనువాద వ్యవస్థలు ఆ సూత్రాన్నే భారీ ఎత్తున అమలు చేస్తున్నాయి. అన్నట్టు, వెబ్ పేజీ తెరిచినప్పుడల్లా బ్రౌజర్ సర్వర్‌కు పంపే ఆదేశం పేరు కూడా గెట్టే. బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే పద్ధతి పేరు హెచ్‌టీటీపీ, 1991 నాటి దాని తొలి రూపంలో ఉన్నది ఆ ఒక్క ఆదేశమే. మనుషుల నోట్లో ఇన్ని వేషాలు వేసే మాట అక్కడ మాత్రం ఒకే అర్థానికి కట్టుబడి ఉంది.

ఇప్పుడు కదులుతున్నవి

ఈ క్రియ ఇంకా స్థిరపడలేదు. కాఫీ అడిగేటప్పుడు “కెన్ ఐ హ్యావ్” అనే చోట “కెన్ ఐ గెట్” అనడం బ్రిటన్‌లో పెరిగింది. మీరే వెళ్ళి తెచ్చుకుంటారా అని ఎత్తిపొడిచే పెద్దలు అక్కడ కనిపిస్తారు. గాటెన్ కూడా బ్రిటిష్ యువత మాటల్లోకి తిరిగి వస్తోంది. అమెరికా వాడుకలో మార్పు మరో వైపు సాగుతోంది. హ్యావ్ పూర్తిగా రాలిపోయి “ఐ గాట్ ఎ కార్” అన్నదే ‘ఉంది’ అనే అర్థంలో నిలబడుతోంది. కొందరు “డూ యూ గాట్” అని కూడా అడుగుతున్నారు. వ్యాకరణ పుస్తకాలు దీన్ని తప్పంటాయి. ఆ మాట అనేవారి దృష్టిలో మాత్రం గాట్ ఇక గెట్‌కు భూతకాల రూపం కాదు, హ్యావ్‌కు పోటీగా నిలిచిన వర్తమాన క్రియ. పోటీకో పరీక్షకో దిగబోయేవారికి ధైర్యం చెబుతూ “యూ గాట్ దిస్” అనేటప్పుడు, ఇంకా జరగని పని గురించి రూపంలో భూతకాలంగా కనిపించే ఈ మాటనే వాడుతున్నారు.